గైనిక్, ప్రెగ్నెన్సీ రీసెర్చ్ గురించి అందరూ అడిగే ప్రశ్నలు, కాస్త వివరంగా

చెకప్‌కి వెళ్ళినప్పుడు "మా దగ్గర ఒక స్టడీ నడుస్తోంది, చేరతారా" అని అడిగితే చాలామందికి గుండె ఝల్లుమంటుంది, నా మీద ప్రయోగాలు చేస్తారా అని. అప్పుడు వచ్చే డౌట్లు, పేపర్లో "కొత్త మందుతో అద్భుతం" లాంటి వార్తలు చదివినప్పుడు వచ్చే డౌట్లు, అన్నీ ఒకచోట పెట్టాను. ముందే చెప్తున్నా, ఇది చదివి ఏ మందూ మొదలుపెట్టొద్దు, వాడుతున్నది మానేయొద్దు, ఆ సంగతి మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

క్లినికల్ రీసెర్చ్ అంటే ల్యాబ్‌లో చేసేదేనా?

కాదండి. ల్యాబ్‌లో ఎలుకల మీద, కణాల మీద చేసేది వేరు. ఇది నిజంగా వైద్యం కోసం వచ్చిన ఆడవాళ్ళతో, వాళ్ళ పిల్లలతో జరిగేది. ప్రతిసారీ కొత్త మందే ఉండక్కర్లేదు కూడా. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు వెంటనే కట్ చేయాలా కాసేపు ఆగాలా, సిజేరియన్ అయ్యాక ఎన్ని గంటలకి తినొచ్చు, ఇవి కూడా రీసెర్చ్ ప్రశ్నలే. కాన్పులో కింద వేసే కోత సంగతే తీసుకోండి, ఒకప్పుడు చాలాచోట్ల మొదటి కాన్పు అంటే కోత పడాల్సిందే, లేకపోతే బాగా చీలిపోతుందని గట్టి నమ్మకం. అర్జెంటీనాలో 2,600 మందితో చేసిన ట్రయల్ (రెండు పద్ధతుల్ని పోల్చి చూసే స్టడీ) 1993లో వచ్చింది, అందరికీ వేయక్కర్లేదు, అవసరం పడిన వాళ్ళకి వేస్తే చాలు అని తేలింది. ఒక్క కొత్త మందు లేదు, మెషీన్ లేదు, ఎంతమందికి కుట్ల బాధ తప్పిందో చూడండి.

డాక్టర్లకి ఏళ్ళ అనుభవం ఉంటుంది కదా, మళ్ళీ ట్రయల్ ఎందుకు?

అనుభవం కావాలి, కాదనను. కానీ ఈ స్పెషాలిటీలో అనుభవాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో డీఈఎస్ కథ చూస్తే తెలుస్తుంది. పూర్తి పేరు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్, ల్యాబ్‌లో తయారు చేసిన ఈస్ట్రోజెన్. 1940ల నుంచి అబార్షన్లు కాకుండా, కాన్పు ముందే రాకుండా ఉంటుందని గర్భిణులకి రాసేవాళ్ళు. ఇచ్చిన వాళ్ళేం దుర్మార్గులు కాదు, పాపం మంచి జరుగుతుందనే ఇచ్చారు, మాత్ర వేసుకున్న వాళ్ళలో చాలామందికి బిడ్డ నిలిచింది కూడా. మాత్ర వేసుకోకపోయినా అందులో ఎక్కువమందికి నిలిచేదే, అదే ఎవరూ పోల్చి చూడలేదు.

1953లో చికాగోలో పోల్చి చూశారు, 1,600 మందికి పైగా గర్భిణుల్లో సగం మందికి డీఈఎస్, మిగతా సగానికి మందు లేని మాత్ర. ఏ లాభమూ కనపడలేదు. అక్కడితో ఆగిపోవాలి కదా, ఆగలేదు, ఇంకో 18 ఏళ్ళు రాస్తూనే ఉన్నారు. 1971లో బోస్టన్ డాక్టర్లు ఒక పేపర్ వేశారు, చిన్న వయసు అమ్మాయిల్లో అసలు కనపడని యోని క్యాన్సర్ 8 మందిలో వచ్చింది, ఆ 8 మందిలో 7 మంది తల్లులు కడుపుతో ఉన్నప్పుడు డీఈఎస్ వేసుకున్నవాళ్ళు. మందు తిన్నది తల్లి, జబ్బు వచ్చింది కూతురికి, అదీ ఇరవై ఏళ్ళు గడిచాక. ఒక డాక్టర్ తన క్లినిక్‌లో కూర్చుని ఎంత అనుభవంతో చూసినా ఇది పట్టుకోలేడు. ట్రయల్ లేకపోవడం మాత్రమే కాదు, ట్రయల్ చెప్పినా వినకపోవడం ఎంత ఖరీదైనదో కూడా ఈ కథలోనే ఉంది, నా దృష్టిలో రెండోదే పెద్ద తప్పు.

1979లో ఆర్చీ కోక్రేన్ అనే బ్రిటిష్ డాక్టర్, సాక్ష్యం చూసుకోకుండా వైద్యం చేయడంలో ప్రసూతి విభాగమే అందరికంటే వెనకబడిందని వెక్కిరిస్తూ దానికి "చెక్క గరిటె" బహుమతి ఇచ్చాడు. ఆ దెబ్బ బాగానే తగిలింది, తర్వాత ట్రయల్స్ అన్నీ ఒకచోట చేర్చి లెక్క చూడటంలో అందరికంటే ముందు నడిచింది మళ్ళీ ఈ విభాగమే.

సరే, రీసెర్చ్ వల్ల నిజంగా ప్రాణాలు నిలబడ్డాయా?

బోలెడు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగిస్తే బాలింత జ్వరం చావులు ఎలా పడిపోయాయో చాలామంది వినే ఉంటారు, అది వదిలేద్దాం.

నాకు ఎక్కువ ఇష్టమైనది, ముందే కాన్పు వచ్చేలా ఉన్న తల్లికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ. నెలలు నిండకుండా పుట్టే బిడ్డకి ఊపిరితిత్తులు తయారై ఉండవు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టర్ గొర్రెల మీద వేరే పని చేస్తుంటే, స్టెరాయిడ్ పడిన గొర్రెపిల్ల బతకాల్సినంత వయసు రాకుండానే పుట్టి కూడా ఊపిరి తీసుకుంది. ఆయన, హోవీ అనే పిల్లల డాక్టర్ కలిసి ఆక్లాండ్‌లో 282 మంది తల్లులతో ట్రయల్ చేసి 1972లో ఫలితం వేశారు, ఊపిరాడని పిల్లలు తగ్గారు, చావులూ తగ్గాయి. అంత స్పష్టంగా ఉన్నా చాలామంది డాక్టర్లు దాదాపు ఇరవై ఏళ్ళు దీన్ని వాడనే లేదు. మధ్యలో జరిగిన చిన్నచిన్న ట్రయల్స్ అన్నీ కలిపి లెక్కేసి చూపించాక, 1990ల్లో గానీ అందరికీ అలవాటు కాలేదు. ఇలా ట్రయల్స్ కలిపి లెక్క చూసే, పైన చెప్పిన ఆర్చీ కోక్రేన్ పేరు పెట్టుకున్న కోక్రేన్ సంస్థ లోగో చూశారా, అందులో అడ్డగీతలు ఆ స్టెరాయిడ్ ట్రయల్సే.

కథ అక్కడితో అయిపోలేదు. ఇదే ఇంజెక్షన్‌ని వసతులు తక్కువున్న ఊళ్ళలో, చిన్న ఆసుపత్రుల్లో కూడా విస్తృతంగా ఇప్పిస్తే ఎలా ఉంటుందని ఆరు దేశాల్లో చూస్తే, 2015లో వచ్చిన ఫలితం తలకిందులుగా ఉంది, మొత్తం మీద నవజాత శిశువుల చావులు తగ్గకపోగా కాస్త పెరిగాయి. తర్వాత డబ్ల్యూహెచ్ఓ అయిదు దేశాల్లో, ఈసారి నెలలు సరిగ్గా లెక్కకట్టి, బిడ్డని చూసుకునే వసతి ఉన్న హాస్పిటల్స్‌లో మాత్రమే చేసింది, 2020లో ఫలితం, చావులు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు అదే, ఎక్కడ, ఎవరికి, ఎన్నో వారంలో ఇస్తున్నారనేదే తేడా.

డెలివరీ తర్వాత బ్లీడింగ్ గురించి ఈమధ్య ఏదో పెద్ద స్టడీ వచ్చిందంటగా?

ఇ-మోటివ్ అంటారు, 2023లో వచ్చింది, కెన్యా, నైజీరియా, సౌత్ ఆఫ్రికా, టాంజానియాలో 80 హాస్పిటల్స్, రెండు లక్షలకి పైగా నార్మల్ డెలివరీలు. ఇందులో గొప్ప విషయం ఏంటంటే కొత్త మందు ఒక్కటీ లేదు.

సమస్య ఎక్కడుందంటే రక్తం ఎంత పోయిందో కంటితో చూసి చెప్పడం. బట్టలకి కొంత, దూదికి కొంత, నేల మీద కొంత, ఉమ్మనీరు కలిసిపోయి ఉంటుంది, ఎంత సీనియర్ నర్సయినా తక్కువే అంచనా వేస్తారు, ఫర్లేదులే అనుకునేలోపు మనిషి చల్లబడిపోతుంది. ఇ-మోటివ్‌లో బిడ్డ పుట్టగానే తల్లి కింద ఒక ప్లాస్టిక్ షీట్ వేస్తారు, దాని కింది భాగం గరాటులాగా కిందికి వేలాడుతుంటుంది, దాని మీద కొలత గీతలుంటాయి, రక్తం అందులోకే దిగుతుంది. 500 మిల్లీలీటర్ల గీత దాటిందంటే ఇంక ఆలోచించేది లేదు, గర్భసంచి మసాజ్, గర్భసంచి బిగిసే మందు, బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడి నుంచి కారుతోందో పరీక్ష, అన్నీ ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకేసారి మొదలుపెట్టేయాలి. మామూలు పద్ధతిలో బ్లీడింగ్ కేసుల్లో సగమే గుర్తుపట్టారు, షీట్ పెట్టిన చోట నూటికి 93. లీటర్ దాటిన బ్లీడింగ్, దానికోసం కడుపు కోయాల్సి రావడం, బ్లీడింగ్‌తో చనిపోవడం, ఈ మూడూ కలిపి లెక్కేస్తే 4.3 శాతం నుంచి 1.6 శాతానికి దిగింది.

ర్యాండమైజ్ చేస్తారంటే నా వైద్యం లాటరీలో తేలుస్తారా?

ఒకరకంగా అంతే, దాన్ని దాచాల్సిన పనిలేదు. రెండు పద్ధతుల్లో ఏది మంచిదో ఎవరికీ నిజంగా తెలియనప్పుడే అలా చేయడానికి ఒప్పుకుంటారు, తెలిసి ఉంటే, రీసెర్చ్ న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీయే ఆపేస్తుంది. డాక్టర్‌నే ఎంచుకోమంటే, మనసులో తెలియకుండానే, కాస్త సీరియస్‌గా ఉన్నవాళ్ళని కొత్త మందు వైపో పాత మందు వైపో తోసేస్తారు, తర్వాత తేడా మందు వల్లా మనుషుల వల్లా అని తేల్చలేం. అందుకే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పైన చెప్పిన ఇ-మోటివ్‌లో అయితే మనుషుల్ని కాకుండా హాస్పిటల్స్‌నే అలా పంచారు, ఒకే లేబర్ రూంలో ఒకళ్ళకి షీట్ పద్ధతి, పక్కావిడకి పాత పద్ధతి అంటే కుదరదు కదా.

ప్లాసిబో (మందు లేని ఉత్త మాత్ర) వస్తే నాకు వైద్యం చేయనట్టేనా?

కాదు, మామూలుగా అందరికీ అందే వైద్యం మీకూ అందుతుంది, దానిపైన అదనంగా పరీక్షిస్తున్నది మాత్రమే అసలుదో ఉత్తదో తెలియకుండా ఇస్తారు. తెలియకుండా ఉంచడం కూడా కొన్నిసార్లు కష్టమే, ప్రెగ్నెన్సీ బీపీ ఉన్నవాళ్ళకి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ పరీక్షించిన మ్యాగ్‌పై ట్రయల్‌లో నిజం మందు పడిన కొంతమందికి ఒళ్ళంతా వేడిగా అయిపోయేది, అప్పుడే కొందరికి అర్థమైపోయి ఉంటుంది.

కడుపుతో ఉన్నప్పుడు ట్రయల్ అంటే బిడ్డకి ప్రమాదం కదా?

ఈ భయం ఊరికే రాలేదు. 1950ల చివర్లో థాలిడోమైడ్ అనే నిద్రమాత్రని వేవిళ్ళకి కూడా ఇచ్చారు, 1961లో మార్కెట్ నుంచి తీసేసేలోపు ప్రపంచవ్యాప్తంగా 10 వేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడక పుట్టారు. అమెరికాలో మందులకి పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏలో పనిచేసిన ఫ్రాన్సెస్ కెల్సీ మాత్రం కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా, సేఫ్ అని చూపించే డేటా చాలదని పర్మిషన్ ఇవ్వలేదు. అయితే అక్కడ జరిగింది ట్రయల్ వల్ల వచ్చిన ప్రమాదం కాదు, గర్భిణుల్లో సరిగ్గా పరీక్షించకుండా అమ్మేయడం వల్ల వచ్చింది. దాన్నుంచి మనవాళ్ళు నేర్చుకున్నదేమో గర్భిణుల్ని అసలు ట్రయల్స్‌లోకే రానివ్వకూడదని! దానివల్ల ఏమైంది, 2020లో కోవిడ్ టీకాల మొదటి పెద్ద ట్రయల్స్‌లో గర్భిణులు లేరు, తీరా టీకాలు వచ్చాక వేయించుకోవాలా వద్దా అని కోట్లమంది అయోమయంలో పడ్డారు. ట్రయల్‌లో ఉండి కొంతమంది రిస్క్ తీసుకోవడమా, ట్రయల్ లేకుండా అందరూ తెలియని రిస్క్ తీసుకోవడమా, రెండిట్లో ఒకటి తప్పదు.

ట్రయల్స్‌లోనూ చెడు జరగదని కాదు. కడుపులో ఎదగని పిల్లలకి సిల్డెనాఫిల్ అనే మందు పనిచేస్తుందేమోనని నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్ 2018లో మధ్యలోనే ఆపేశారు, మందు పడిన తల్లుల పిల్లల్లో ఊపిరితిత్తుల సమస్యలు, చావులు ఎక్కువ కనపడటంతో. ఆపగలిగారంటే కారణం, ట్రయల్ నడిపేవాళ్ళతో సంబంధం లేని ఒక కమిటీ మధ్యమధ్యలో డేటా చూస్తూ ఉంటుంది, ఏ గ్రూపుకి ఏం జరుగుతోందో వాళ్ళకి మాత్రమే తెలుస్తుంది. మిమ్మల్ని అడిగిన ట్రయల్‌లో అలాంటి కమిటీ ఉందా అని తప్పకుండా అడగండి.

నొప్పుల్లో ఉన్నప్పుడు సంతకం పెట్టమంటే అది కన్సెంట్ ఎలా అవుతుంది?

మంచి ప్రశ్న, దీనికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. వీలైన చోట నెలల ముందే చెకప్‌లలో చెప్పి ఉంచాలి, నొప్పులు మొదలయ్యాక మళ్ళీ ఒకసారి అడిగితే చాలు. కానీ బ్లీడింగ్ లాంటివి చెప్పి రావు. డెలివరీ తర్వాత బ్లీడింగ్‌కి ట్రానెక్సామిక్ యాసిడ్ పరీక్షించి 2017లో వచ్చిన ఉమన్ ట్రయల్‌లో, 21 దేశాల్లో 20 వేల మంది, తల్లి చెప్పగల స్థితిలో ఉంటే ఆవిడని, లేకపోతే దగ్గరి వాళ్ళని, అదీ కుదరకపోతే కోలుకున్నాక ఆవిడని అడిగే ఏర్పాటు పెట్టుకున్నారు. నాకైతే పది పేజీల ఫారం చేతిలో పెట్టి నొప్పుల మధ్యలో సంతకం చేయించుకోవడం కంటే, రెండు వాక్యాల్లో చెప్పి, తర్వాత తీరిగ్గా మళ్ళీ అడగడమే నిజాయితీ అనిపిస్తుంది.

"రిస్క్ సగానికి తగ్గింది" అని రాస్తే ఎంతవరకు నమ్మాలి?

వెంటనే అడగాల్సింది, ఎంతలో సగం? మ్యాగ్‌పై ట్రయల్‌నే చూడండి, 2002, 33 దేశాలు, 10 వేల మందికి పైగా. మెగ్నీషియం వల్ల ఫిట్స్ రిస్క్ సగానికి పైగా తగ్గింది, అది నిజం. లెక్కలో చెప్తే 1.9 శాతం నుంచి 0.8 శాతానికి, అంటే వెయ్యి మందికి ఇస్తే 11 మందికి ఫిట్స్ తప్పాయి. ఫిట్స్ అంటే ప్రాణం మీదికొచ్చేది, మందు చవక, కాబట్టి ఇవ్వాల్సిందే. అదే "సగానికి తగ్గింది" అన్న మాట ఖరీదైన మందుకో, సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువున్న మందుకో, లక్షలో ఇద్దరికి వచ్చే సమస్యకో వాడితే అర్థం వేరు.

హార్మోన్ మాత్రల విషయంలో ఇదే గొడవ. 2002లో అమెరికాలో డబ్ల్యూహెచ్ఐ అనే ట్రయల్‌ని ముందే ఆపేశారు, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకి ఇచ్చే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ జోడీ వల్ల రొమ్ము క్యాన్సర్ పెరుగుతోందని. ఎంత పెరిగిందంటే ఏడాదికి 10 వేల మందిలో 8 మందికి అదనంగా. పైగా చేరినవాళ్ళ సగటు వయసు 63. కానీ 50 ఏళ్ళకి వేడి ఆవిర్లతో నిద్రపట్టని ఆవిడ కూడా రాత్రికి రాత్రి మాత్రలు మానేసింది. ట్రయల్ తప్పు కాదు, అది ఎవరి గురించి చెప్తోందో చూసుకోకపోవడం తప్పు.

ఒక ట్రయల్ చెప్పేస్తే ఇక అంతేనా?

అస్సలు కాదు. ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డకి సిజేరియనే మంచిదని 2000లో 26 దేశాల ట్రయల్ చెప్పింది, దాంతో చాలా దేశాల్లో నార్మల్‌గా చేయడం దాదాపు ఆగిపోయింది, ఆ పని చేతికొచ్చిన డాక్టర్లు కూడా తగ్గిపోయారు. అదే పిల్లల్లో కొంతమందిని రెండేళ్ళ వయసులో చూస్తే రెండు గ్రూపులకీ తేడా కనపడలేదు. అప్పటికి అలవాటు పాతుకుపోయింది.

ఇంకోటి, ముందే కాన్పు రాకుండా వారం వారం వేసే 17-ఓహెచ్‌పీసీ ఇంజెక్షన్. 2003లో 463 మందితో చేసిన ట్రయల్ బాగా పనిచేస్తుందంది, 2011లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది, 2019లో 1,700 మందితో మళ్ళీ చేస్తే ఏ లాభమూ లేదు, 2023లో పర్మిషన్ వెనక్కి తీసుకున్నారు. మధ్యలో పన్నెండేళ్ళు వారానికో సూది, అనవసరంగా.

మరి ట్రయల్‌లో ముందు ఏం చూడాలి?

దేన్ని కొలిచారో చూడండి. తల్లి బతికిందా, బిడ్డ ఇంటికెళ్ళిందా, నొప్పి తగ్గిందా, ఇవి అసలు కావాల్సినవి. రిపోర్టులో నంబర్ మారింది, స్కానింగ్‌లో సైజు తగ్గింది, ఇవి దారిలో కనపడేవి, చాలాసార్లు మోసం చేస్తాయి. కాన్పులో బిడ్డ గుండె చప్పుడు మెషీన్‌తో ఆపకుండా రికార్డు చేయడం మీద డబ్లిన్‌లో సుమారు 13 వేల మందితో 1985లో ట్రయల్ వచ్చింది, పిల్లల్లో ఫిట్స్ తగ్గాయి, అందరూ సంతోషించారు, తీరా నాలుగేళ్ళకి చూస్తే, మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని సెరిబ్రల్ పాల్సీ రెండు వైపులా సమానంగానే ఉంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కీహోల్ ఆపరేషన్ కూడా ఇలాంటిదే. చిన్న గాట్లు, రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికెళ్ళొచ్చు, ఇంకేం కావాలి అనుకున్నారు. 2018లో 631 మందితో వచ్చిన ల్యాక్ ట్రయల్‌లో నాలుగున్నరేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు పాత పద్ధతి ఓపెన్ ఆపరేషన్‌లో 96.5 శాతం, కీహోల్‌లో 86 శాతం. గాటు చిన్నదా పెద్దదా అన్నది కాదుగా అక్కడ ముఖ్యం.

పీసీఓఎస్, ఎండోమెట్రియోసిస్ మీద ఎందుకు ఇంత తక్కువ రీసెర్చ్?

ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరికి ఉంటుందని అంచనా, అయినా కనిపెట్టడానికే ఏళ్ళు పడుతుంది, ముట్టు నొప్పి అంటే అందరికీ ఉండేదేగా అని కొట్టిపారేయడం వల్ల. చావులు లేని జబ్బుకి డబ్బులు కేటాయించేవాళ్ళూ తక్కువే. హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని పీసీఓఎస్‌లో మాత్రం ఒక మంచి ఉదాహరణ ఉంది, 2014లో 750 మందితో, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళకి అండం విడుదలవ్వడానికి ఇచ్చే పాత మందు క్లోమిఫెన్ కంటే లెట్రోజోల్ మేలని తేలింది, బిడ్డ చేతికొచ్చినవాళ్ళు 19.1 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగారు. గమనించారా, అండం విడుదలైందా అని మాత్రమే చూసి ఆగిపోలేదు, బిడ్డ పుట్టిందా అన్నదే అసలు లెక్కగా పెట్టుకున్నారు.

చేరమని అడిగితే నేనేం అడగాలి?

నేను చేరకపోతే నాకు ఇచ్చే వైద్యం ఏంటి, ఇది ముందు అడగండి, చాలామంది అడగరు. తర్వాత, అదనంగా ఎన్నిసార్లు రావాలి, ఎన్ని రక్తపరీక్షలు, ఖర్చు ఎవరిది, ఏదైనా తేడా జరిగితే చూసుకునేది ఎవరు, పుట్టాక బిడ్డని ఎన్నాళ్ళు చూస్తారు. ట్రయల్ ముందే రిజిస్టర్ చేశారా, చేస్తే ఆ నంబర్ ఇవ్వమనండి, దేన్ని కొలుస్తామని మొదట్లో రాశారో అక్కడ ఉంటుంది, చివర్లో తమకి అనుకూలంగా మార్చేసుకోకుండా అదొక కట్టడి. ఫారం ఇంటికి తీసుకెళ్ళి చదువుతాను అంటే కాదన్నారా, అయితే చేరకండి.

మధ్యలో మానేస్తే కోప్పడతారా, వైద్యం ఆపేస్తారా?

ఆపకూడదు. కారణం కూడా చెప్పక్కర్లేదు. మందు మానేసినా డెలివరీ ఎలా అయిందో మాత్రం రాసుకోనివ్వండి అని అడుగుతారు, అది మీ ఇష్టం. మానేసినవాళ్ళ వివరాలు పోతే లెక్క వంకరపోతుంది కాబట్టి అడుగుతారు, మిమ్మల్ని పట్టి ఉంచడానికి కాదు.

ఫలితాలు నాకెప్పుడు తెలుస్తాయి?

మీకు ఏ మందు పడిందో ట్రయల్ మొత్తం అయ్యేదాకా సాధారణంగా చెప్పరు, ఎమర్జెన్సీ వస్తే తప్ప. ఆఖరి మనిషి చేరి, కాన్పై, లెక్కలు తేలి, పేపర్ వచ్చేసరికి కొన్నేళ్ళు పడుతుంది, అప్పుడు ఒక ఉత్తరమో మెసేజో పంపమని ఇప్పుడే అడిగి రాయించుకోండి. పిల్లల ఫాలోఅప్ అయితే ఇంకా పొడుగు, ఆక్లాండ్ స్టెరాయిడ్ ట్రయల్‌లో పుట్టినవాళ్ళని ముప్పై ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచి గుండె, షుగర్ అన్నీ చూశారు. కాబట్టి ఫోన్ నంబర్ మారితే, ఇల్లు మారితే, స్టడీ కోఆర్డినేటర్‌కి ఒక మాట చెప్పి పెట్టండి.